ఎండ తగలని రాయి

పెళ్లయి అత్తగారింటికి వచ్చిన కొత్తలో వెంకటనర్సమ్మ జొన్నరొట్టె ముక్క నోట్లో పెట్టుకుని నమలలేక ఆగిపోయింది. పంటి కింద ఇసుక కరకరమంది. పిండి తనే తిరగలిలో విసిరింది, తనే జల్లించింది. ఎక్కడ పొరపాటు జరిగిందో తెలియక బిత్తరపోయి చూస్తుంటే అత్త గట్టమ్మ నవ్వింది.

"గీడ గంతే బిడ్డ. మా ఇసుర్రాయి గింజలతో పాటు తనను తాను ఇసురుకుంటది."

వెంకటనర్సమ్మ పుట్టింది నర్సింహులపేట పక్కన ఒక చిన్న పల్లెలో. తండ్రి మొండయ్య రాయి కొట్టేవాడు. ఆయన చేసిన రోలో, ఇసుర్రాయో, గడపరాయో లేని ఇల్లు ఆ చుట్టుపక్కల తక్కువ. ఇంటి ముందే గుట్ట, గుట్ట మీద ఏనుగులంత గుండ్లు. ఆ పిల్ల ఆడుకున్నది వాటి మీదే, పడి మోకాళ్లు పగలగొట్టుకున్నదీ వాటి మీదే. రాయి అంటే తను పగలకుండా తగిలినవన్నీ పగలగొట్టేదని ఆమెకు తెలుసు. అలాంటి మనిషిని భూపాలపల్లి దగ్గరి ఊరికి ఇస్తే, అక్కడ రాయి ఎర్రగా, పొరలు పొరలుగా ఉంది. గోరుతో గీకితే రాలింది.

ఈ సంగతి తెలిసి మొండయ్య లారీ పట్టుకుని కూతురికి కొత్త ఇసుర్రాయి తెచ్చాడు. దించాక ఊరి బయటికి వెళ్లి ఆ ఎర్రరాయి ముక్క ఒకటి ఏరి అరచేతుల మధ్య నలిపాడు. ఇసుక జారింది.

"గిదేం రాయి నాయినా?" అని అడిగింది కూతురు.

"నాకు ఎర్కలేదు బిడ్డ," అన్నాడాయన. "ఇసుక రాయైందో, రాయి ఇసుకైతున్నదో."

ఆ మాట చెప్పి ఆయన తిరిగి లారీ ఎక్కాడు. ఆ తర్వాత ఊళ్లోకి పిండిగిర్ని వచ్చింది. గట్టమ్మ పోయింది. వెంకటనర్సమ్మ భర్త కిషన్‌కు బొగ్గు బావిలో, భూమి లోపల పని దొరికింది. పిల్లలు పెరిగి ఎవరి దారిన వాళ్లు స్థిరపడ్డారు. తండ్రి అన్న మాటకు మాత్రం ఆమెకు ఎవరూ జవాబు చెప్పలేదు. ఎవరినీ అడగలేదు కూడా. ఇలాంటివి అడిగితే నవ్వుతారని అనుకుంది.

నేను ఆ ఇంట్లో అద్దెకు దిగేనాటికి ఆమెకు యాభై దగ్గర పడుతున్నాయి. నా పేరు సౌమ్య, మాది జనగామ. భూమి కింద బొగ్గు ఎంత లోతున, ఎంత మందాన ఉందో బోర్లు వేసి, పైకి వచ్చిన రాళ్లను పెట్టెల్లో పేర్చి చూసే పని నాది. మా డ్రిల్లింగ్ క్యాంపు వాళ్ల ఊరి పత్తి చేలకు అవతల వేశారు. సాయంత్రం నేను రాగానే ఆమె చాయ్ గ్లాసు ఇచ్చి ఎదురుగా కూర్చునేది. నేను ఆమెను అత్తమ్మా అని పిలిచేదాన్ని.

"దినమంత గా రాళ్లను పెట్టెలల్ల పేర్చుకొని ఏం జేస్తరు బిడ్డ?" అని ఒకరోజు అడిగింది.

"ఏ రాయి ఎట్ల పుట్టిందో చూస్తం అత్తమ్మ."

ఆమె గ్లాసు కింద పెట్టింది. తన లెక్క తను చెప్పింది. బొగ్గు నిప్పులో పుట్టి ఉంటుంది. నల్లగా ఉంది, అంటిస్తే మండుతుంది కాబట్టి. తన పుట్టింటి రాయి చల్లగా ఉంటుంది, తళతళమంటుంది. అది నీళ్లు గడ్డకట్టి అయి ఉంటుంది.

"ఉల్టా," అన్నాను. "బొగ్గు నీళ్లల్ల పుట్టింది. మీ రాయే నిప్పుల పుట్టింది."

ఆమె నా ముఖంలోకి చూసింది, ఆట పట్టిస్తున్నానేమోనని.

అప్పుడు నాకు తెలిసింది తెలిసినట్టు చెప్పాను. వాళ్ల గుట్ట ఒకప్పుడు భూమి లోపల చాలా లోతున కరిగి, పాకంలా మరిగిన ముద్ద. పైన మైళ్ల మందాన నేల కప్పి ఉండడంతో వేడి బయటికి పోలేక అది మెల్లగా, లక్షల ఏళ్ల పాటు చల్లారింది. మెల్లగా చల్లారింది కాబట్టి లోపల గింజలు పెద్దవిగా కట్టాయి. తెల్లటి పలుగురాయి, గులాబీ రంగు ఫెల్స్‌పార్, నల్లటి కాకిబంగారం కంటికి విడివిడిగా కనిపిస్తాయి. నిప్పులోంచి వచ్చిన ఇలాంటి రాళ్లను అగ్నిశిలలంటారు. గింజ ఎంత పెద్దది, రంగు ఎంత తేట అనే రెండు గుర్తులతో వాటికి పేర్లు పెడతారు. పెద్ద గింజ, తేట రంగు అయితే గ్రానైట్. రంగు నల్లబడి గింజ సన్నగా ఉంటే డోలరైట్.

"పటికబెల్లం గట్టినట్టు," అంది ఆమె. "ఆగి ఆగి సల్లార్తేనే గడ్డలు పెద్దగైతయి." తర్వాత ఇంకో సంగతి గుర్తు చేసుకుంది. "మా గుట్ట నడుమ నల్లరాయి ఉంటది బిడ్డ, గోడ గట్టినట్టు ఈ కొస నుంచి ఆ కొసకు. నాయిన దాని నడిమి రాయి తీసేది. అంచు రాయి ముట్టకపోయేది. మస్తు నున్నగుంటది, ఉలి జారుతదని."

"గదే డోలరైట్. గుట్ట సల్లారి గట్టిపడ్డంక పగిలింది. పగులులకు కింది నుంచి మళ్ల కరిగిన రాయి ఎక్కింది. అంచులకు సల్లటి గుట్ట తగిలింది, వెంటనే బిగుసుకపోయింది. గింజ కట్టే టైం దొరకలే. నడుమ జర ఆగి సల్లారింది, అందుకే గరుకు."

చిన్నప్పుడు తను వీపు ఆనించి కూర్చున్న గోడ, నిప్పు పైకెక్కిన దారి. ఆ తర్వాత ఆమె అడిగిన ప్రశ్న నేను ఊహించలేదు.

"గంత లోతుల పుట్టిన రాయి మా ఇంటి ముంగట ఎండకు ఎట్ల కూసున్నది? దాని మీదున్న నేలంత ఎవలు తీసిన్రు?"

"వాన," అన్నాను. "వాన, ఎండ, గాలి."

"తీసి ఏడ పోసిన్రు?"

"నీళ్లు ఎటు పోతే అటు. బియ్యం గాలిస్తవు గద అత్తమ్మ. రాళ్లు అడుగున ఆగుతయి, పొల్లు తేలి పోతది. ఏరు గూడ అంతే. వడి తగ్గితే ముందుగాల గులకరాళ్లు దింపుతది, ఆనెంక ఇసుక, నీళ్లు నిలిచిన కాడ బంకమన్ను. పొర మీద పొర పడి, బరువుకు నలిగి, నీళ్లల్ల ఉన్న సున్నమో ఇనుమో జిగురు లెక్క పట్టుకుంటే రాయైతది. గులకలతోని ఒక రాయి, ఇసుకతోని ఒక రాయి, బంకతోని ఒక రాయి. వీటిని అవక్షేప శిలలంటరు. మీ ఊరి ఎర్రరాయి గా ఇసుకతోని అయిందే. బొగ్గేమో నీళ్లల్ల మునిగి, మన్ను కింద పడి నలిగిన అడివి."

తలుపు దగ్గర నిలబడి వింటున్న కిషన్ అప్పుడు నోరు విప్పాడు. మామూలుగా డ్యూటీ నుంచి వచ్చాక ఆయన ఎక్కువ మాట్లాడడు.

"బొగ్గు తీసినంక బావిల పైకప్పుకు లైట్ కొడితే ఆకులు కనవడతయి," అన్నాడు. "ఈనెలతో సహ. ఒక్కోసారి పని ఆపి చూస్తం. ముట్టుకుంటే రాయే."

"నాకెన్నడు చెప్పలే," అంది వెంకటనర్సమ్మ.

"చెప్తే నమ్ముతవా?"

ఆ వానాకాలం చివర్లో మాకు ఒక ఉత్తరువు వచ్చింది. బొగ్గు పొరలు దాటాక కూడా ఆపకుండా, ఒక బోరును మాత్రం అన్నిటికీ అడుగునున్న రాయి తగిలే దాకా తీసుకెళ్లమన్నారు. డ్రిల్లర్ చాంద్యా పాతకాలపు మనిషి. మిషన్ చప్పుడును బట్టి కిందేముందో కనిపెట్టేవాడు. నాలుగు వందల మీటర్లు దాటాక ఒక పగలు ఆయన చెయ్యి పైకెత్తి నన్ను పిలిచాడు.

"మేడం, రాయి మారింది. మిషిన్ మూల్గుతున్నది."

మధ్యాహ్నం నేను అన్నానికి రాలేదని వెంకటనర్సమ్మ డబ్బా పట్టుకుని అప్పుడే చేను గట్టు మీద నుంచి వచ్చింది. డ్రిల్లు కోసి తెచ్చిన రాతి కడ్డీని గొట్టంలోంచి పెట్టెలోకి దించుతున్నారు. అది ఆమె చేతి మణికట్టంత లావు ఉంటుంది. నేను బకెట్‌తో నీళ్లు పోశాను. బూడిదరంగు బురద పోయి రాయి బయటపడింది.

ముందు వచ్చింది గుండ్ల పొర. సన్నటి బంకరాయిలో చిన్నా పెద్దా రాళ్లు అడ్డదిడ్డంగా పొదిగినట్టు ఉన్నాయి. ఏరు తెచ్చిన రాళ్లయితే పరిమాణం ప్రకారం విడిపోవాలి. ఇవి విడిపోలేదు. దీనికి కారణం ఆమెకు చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇవి నీళ్లు తెచ్చినవి కావు, మంచు తెచ్చినవి. ఎండాకాలం పిట్ట కూడా బయటికి రాని ఈ నేల మీద ఒకప్పుడు గుట్టలను మించిన మందాన మంచు ఉండేది. అది కదులుతూ దారిలో ఉన్న రాళ్లన్నిటినీ పెకలించి, మోసుకొచ్చి, కరిగినచోట వదిలేసింది. బొగ్గు అడవులు మొలిచింది ఆ తర్వాతే.

ఆమె వినలేదేమో అనిపించింది. వంగి ఆ పొరలోని ఒక గుండు మీద వేలు పెట్టింది. డ్రిల్లు దాన్ని నున్నగా కోసింది. తెలుపు, గులాబీ, నలుపు.

"గిది మా రాయి," అంది మెల్లగా.

"అవును."

"గీడికి వచ్చిందా?"

"మీ దిక్కు నుంచో, అసొంటి ఇంకో దిక్కు నుంచో. మీ గుట్ట మీదున్న నేలంత ఏడ పోసిన్రని అడిగినవు గద. గిట్లనే ఏదో ఒక పల్లపు జాగల పోసిన్రు. మీ ఎర్రరాయిల ఇసుక గూడ అసొంటి గుట్టలు అరిగి వచ్చిందే."

ఆ పెట్టె చివర గుండ్ల పొర ఆగిపోయింది. కత్తితో కోసినట్టు ఒక గీత. గీతకు కింద ఇక ముక్కలు లేవు. మొత్తం గ్రానైటే. నేను బొటనవేలు గీతకు కింద, చూపుడువేలు గీతకు పైన పెట్టాను. కింది రాయి పుట్టి సుమారు రెండు వందల యాభై కోట్ల ఏళ్లు. పైది పేరుకుని ముప్పై కోట్లకు లోపే. నా రెండు వేళ్ల మధ్య సందు లేదు. రెండు వందల కోట్ల ఏళ్లకు పైగా కాలం అక్కడ జాడ లేకుండా పోయింది. ఆ లెక్క నేను పరీక్షలో ఎన్నోసార్లు రాశాను. వేలికి తగలడం అదే మొదలు.

వెంకటనర్సమ్మ కడ్డీ పక్కనే మట్టిలో కూర్చుంది. అత్తగారి ఊరు, ఆ ఎర్రరాయి, భర్త పనిచేసే బొగ్గు పొర, అన్నింటి కింద తన పుట్టింటి రాయి పరుచుకుని ఉంది. తను కాపురానికి రాకముందు నుంచీ, మనుషులే లేని రోజుల నుంచీ ఉంది. అన్నం డబ్బా ఆమె ఒళ్లోనే ఉండిపోయింది.

"నాయిన చూడాలె గిది," అంది చివరికి.

మూడు రోజులకు ఆమె మొండయ్యను బస్సులో తీసుకొచ్చింది. ఎనభై దాటిన మనిషి. రాతి పెళ్లలు ఎగిరి తగిలి ఒక కన్ను ఎప్పుడో పోయింది, రెండోది మసక. క్యాంపులోకి రాగానే మా వాళ్లు కుర్చీ వేశారు. ఆయన కూర్చోలేదు. కూతురి భుజం పట్టుకుని పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏది?"

నేను ఆయన చేతిని గ్రానైట్ మీద పెట్టాను. ఆయన కడ్డీ పొడవునా తడిమాడు. విరిగిన చివర దగ్గర ఆగి, బొటనవేలితో గింజను నొక్కి చూశాడు. తర్వాత వేలు నాలుకకు తాకించి, ఆ తడి రాయికి రాసి, దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"మా రాయే," అన్నాడు. "మా రాయి కంటె తాజాగుంది. దీనికి ఎండ తగలలే."

ఆయన అన్నది నిజం. గుట్ట మీది రాయి ఎంత గట్టిదైనా ఎండకీ వానకీ పైపొర మెత్తబడుతుంది, ఫెల్స్‌పార్ మసకబారుతుంది. ఈ ముక్కలో మొన్నమొన్న చల్లారినట్టు గులాబీ రంగు నిగనిగలాడుతోంది.

"ఎంత దూరం ఉన్నది గిది, లోపటికి?" అని అడిగాడు.

"ఇంక మైళ్ల లోతు తాత. మేం దాని పైపొర ముట్టుకున్నం, గంతే."

మిషన్ ఆపేసి ఉంది. చాంద్యా బీడీ ముట్టించబోయి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"జిందగంత దీని మీద కొట్టిన," అన్నాడు మొండయ్య. "గుట్ట అయిపోతదనుకున్న. మనుమలకు రాయి ఉండదని పరేషాన్ అయిన. మేం కొట్టింది దీనికి గీర పడ్డట్టు గూడ లేదు." ఆ గొంతులో బాధ లేదు. ఏదో పెద్ద ఆసామి ఇంటి ముందు నిలబడ్డప్పటి మర్యాద ఉంది. ఆయన రెండు చేతులూ రాయి మీద పెట్టి, తీసి, కళ్లకు అద్దుకున్నాడు. కూతురు కూడా అలాగే చేసింది. ఎందుకో నేనూ చేశాను.

ఆ రాత్రి ఆయన కూతురింట్లోనే పడుకున్నాడు. కిషన్ ఆయన పక్కన కూర్చుని బావిలోని ఆకుల గురించి చెబుతుంటే, నిద్ర వచ్చేదాకా అడిగిందే అడిగాడట. మర్నాడు బస్సెక్కుతూ నాతో, తమ గుట్ట దిక్కు ఎప్పుడైనా వస్తే నల్లరాయి గోడ చూపిస్తానన్నాడు. వెళ్లాను. చూపించాడు. ఆయన ఇంకా ఉన్నాడు.

బోరు పని ముగిశాక రంధ్రాన్ని సిమెంటుతో మూసేస్తాం. ఆ రోజు వెంకటనర్సమ్మ పత్తి ఏరే ఒడిసంచి నడుముకు కట్టుకునే చూడడానికి వచ్చింది. మూత పడేముందు వంగి లోపలికి చూసింది. చీకటి తప్ప ఏమీ కనిపించదు.

"మనం చూసినా చూడకున్నా గది గట్లనే ఉంటదా బిడ్డ?"

"గట్లనే ఉంటది అత్తమ్మ."

"ఏమన్న అయితదా దానికి?"

"ఎన్నడో ఒకనాడు మీదిదంత కొట్టుకపోయి మళ్ల ఎండకు రావచ్చు. లేకపోతే ఇంక కిందికి పోయి మళ్ల కరగొచ్చు. మనకు తెల్వది."

ఆమె తలూపింది. చాంద్యా సిమెంటు పోయడం మొదలుపెట్టాడు. ఉత్తరం దిక్కున మబ్బు పట్టింది. విచ్చిన పత్తి తడిస్తే పాడవుతుందని ఆమె వడివడిగా చేనులోకి నడిచింది. పది అడుగులు వేశాక నడక నెమ్మదించింది. అడుగు తీసి అడుగు వేస్తూ, కింద ఎవరో పడుకుని ఉన్నట్టు, నేల మీద పాదాలు మెల్లగా ఆనిస్తూ వెళ్లింది.