మూత మీద బెజ్జం

ఫిల్మ్‌నగర్‌లో నాకు నోరెక్కువని పేరు. ఆ పేరు అబద్ధం కాదు. ఇరవై ఏళ్లుగా సినిమా సెట్లకు రంగులు వేస్తున్నాను. పొద్దున యూసుఫ్‌గూడలో ఇంటి గడప దాటింది మొదలు ఎవడో ఒకడి మీద అరుస్తూనే ఉంటాను. రంగు పలచగా కలిపినవాడి మీద, ఆరని గోడకు ఆనుకుని సెల్ఫీ దిగేవాడి మీద, పొద్దున అనుకున్న ఇంటిని మధ్యాహ్నానికి పోలీస్ స్టేషన్ చెయ్యమనే డైరెక్టర్ల మీద. ఇది రాస్తుంటే కూడా ఒళ్లు మండుతోంది. ఈ మంట ఎవరి మీదో చెప్పడానికే కూర్చున్నాను.

నా పని కొత్తవాటిని పాతవి చెయ్యడం. ఏజింగ్ కొట్టడం అంటాం. పొద్దున వడ్రంగి బిగించిన ప్లైవుడ్ తలుపు సాయంత్రానికి నూరేళ్ల నాటిది కావాలి. రంపపు పొట్టు, బంక, ఇటుక పొడి, కాఫీ పొడి, కాస్త నల్లరంగు కలిపి ఇనుము మీద పూస్తే, గీకి చూసేదాకా ఎవడైనా తుప్పే అనుకుంటాడు. అందులో నన్ను కొట్టేవాడు లేడని నాకు పొగరు.

రెండేళ్ల కిందట ఒక సినిమాకు ఏరు కావలసి వచ్చింది. కొండ మీద బండల మధ్య ఖాళీ జాగాలో పెద్ద తొట్టి కట్టి, నీళ్లు నింపి, గట్టున రెల్లు నాటాం. పడవకు ఒక పాత మోటారు తెప్పించారు. వెనక తగిలించి, తాడు గుంజి స్టార్ట్ చేసే రకం. దాని వెంట దాని యజమాని వచ్చాడు. గోదావరి లంకల మనిషి, అరవై దాటినవాడు. ముప్పై ఏళ్లుగా ఆ మోటారు ఆయన చేతిలోనే ఉంది. ఇంకొకరు గుంజితే అది దగ్గి ఊరుకునేది.

డైరెక్టరు ఆయన చేతులు చూసి ముచ్చటపడి, పడవ మీరే నడపండి, హీరో వెనకాల మీరే కూర్చోండి అన్నాడు. ఆ మాట ఆయన భార్యకు ఫోనులో చెబుతుంటే విన్నాను. "డూపు కాదే, నేనే. మొహం కూడా కనపడుద్దంట. చర్చిలో అందరికీ చెప్పు." కాస్ట్యూమ్ వాళ్లు చిరుగుల బనీను ఇస్తే దాన్నే ఉతికి ఆరేసుకున్నాడు. ఎందుకు ఉతికావని వాళ్లు తిట్టారు.

మరుసటి రోజు డైరెక్టరు మోనిటర్‌లో చూసి మొహం చిట్లించాడు. మోటారు పాతగా కనిపించడం లేదట! ముప్పై ఏళ్ల మోటారు. నీలం రంగు వెలిసి, గీతలు పడి, నిక్షేపంగా పాతబడిన వస్తువు. మా వాళ్ల కళ్లకు అది చాలలేదు. నేను పూసిన పాతదనం తప్ప వేరే పాతదనం వాళ్లెప్పుడు చూశారు గనక? గంటలో ఏజింగ్ కొట్టు, సాయంత్రం పడవ ఆగి ఉన్న షాటు తీస్తాం అన్నారు. అసిస్టెంట్ల మీద ఇంతెత్తున లేచి, ఆ కోపంతోనే బ్రష్ పట్టుకున్నాను.

పెద్దాయన పక్కన కూర్చుని చూశాడు. పడవలో ఉన్న పెట్రోలు ట్యాంకు చూపించి, "బాబూ, దీనికీ పూసుకోండి. మూత మీద తిప్పే మర పక్కన చిన్న బెజ్జం ఉంది చూడండి, అదొక్కటే మూయకండి. లోపలికి గాలి పోయేది దాంట్లోంచే. గాలి లేకపోతే పెట్రోలు రాదండి" అన్నాడు.

"నా పని నాకెరుకే పెద్దాయనా, జర పక్కకి జరుగు," అన్నాను.

పక్కకు జరిగాడు. నేను పూశాను. మూత మీద మెరుపు కొడుతోందని రెండోసారి కూడా పూశాను.

మర్నాడు పొద్దున పడవ కదిలే షాటు. పూజారి మోటారుకు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. పెద్దాయన దాని మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకున్నాడు. గేరు తప్పించాడు. ట్యాంకు నుంచి మోటారుకు వెళ్లే గొట్టంలో రబ్బరు బల్బు ఉంటుంది, దాన్ని గట్టిపడేదాకా పిసికాడు. చోక్ లాగాడు. తాడు పిడి పట్టుకుని లోపల తగిలేదాకా మెల్లగా లాగి, తగిలాక ఒక్క గుంజు గుంజాడు. మూడో గుంజుకు నీలం పొగ వదిలి అందుకుంది. అందరం చప్పట్లు కొట్టాం. హీరో వచ్చి కూర్చున్నాడు. యాక్షన్ అనేలోపు మోటారు ఆగిపోయింది.

మళ్లీ గుంజాడు. దగ్గింది, ఆగింది. ప్లగ్గులు విప్పి తుడిచి పెట్టాడు. గుంజాడు. హీరో లేచి కేరవాన్‌లోకి వెళ్లిపోయాడు. ఇక గట్టున ఉన్న ప్రతివాడూ మెకానిక్కే. చోక్ మూయమని ఒకడు, తెరవమని ఒకడు. కెమెరాకు ఫోకస్ లాగేవాడు కూడా సలహా చెప్పాడు.

ప్రొడక్షన్ మేనేజరు వచ్చి, "ఏమయ్యా, గంట నుంచి లాగుతున్నావ్. లంచ్ లోపల స్టార్ట్ కాకపోతే వేరే మోటార్, వేరే మనిషి. నువ్వు ప్యాకప్" అన్నాడు.

పెద్దాయన వంగి రబ్బరు బల్బు చూశాడు. అది లోపలికి పీల్చుకుపోయి చదునుగా అతుక్కుని ఉంది. తలెత్తి నావైపు చూశాడు.

"బాబూ, గాలి అందట్లేదండి. ఆ బెజ్జం గానీ మూసుకుపోయిందా?"

నా బ్రష్ ఆ మూత మీద రెండుసార్లు తిరగడం నాకు అప్పుడే గుర్తొచ్చింది. స్పష్టంగా గుర్తొచ్చింది. మేనేజరు నన్నే చూస్తున్నాడు. లైట్‌మెన్, కెమెరావాళ్లు, డైరెక్టరు, అందరూ నన్నే చూస్తున్నారు.

"బెజ్జం వదిలేసిన. నేనేమన్న కొత్తోణ్ణా?" అని అరిచాను. "నీ మోటారే ముసల్దైంది, గది చెప్పు ముందు!"

నవ్వారు కొందరు. ఆయన నవ్వలేదు. నా మాట నమ్మినా, ఎందుకైనా మంచిదని మూత తిప్పి చూడబోయాడు.

"ఏయ్, ముట్టకు! నిన్నటి షాట్ల గట్లనే ఉన్నది. రంగు లేస్తే కంటిన్యుటీ పోతది!"

కంటిన్యుటీ. మా ఫీల్డులో ఆ మాట అంటే హీరో చెయ్యి కూడా గాల్లోనే ఆగుతుంది. ఆయన చెయ్యీ ఆగింది. అదేమిటో ఆయనకు తెలియదు, పెద్ద తప్పేదో చెయ్యబోయాననుకున్నాడు. "తప్పయిపోయింది బాబూ," అని నాకే, నాకు, క్షమాపణ చెప్పాడు.

ఆ తర్వాత లంచ్ దాకా, లంచ్‌లో కూడా గుంజాడు. అరచెయ్యి తోలు లేచింది. పిడికి తువ్వాలు చుట్టి గుంజాడు. భోజనాల బల్ల దగ్గర నేను ప్లేటు పట్టుకుని నిలబడి ఆ చప్పుడు విన్నాను. వేరే మోటారు రావడానికి ఇంకా గంట ఉంది, నిజం చెప్పడానికి అప్పటికీ టైము ఉంది. పప్పు బాగాలేదని కేటరింగ్ వాడి మీద అరిచాను.

మధ్యాహ్నం బోటింగు చెరువు నుంచి తెల్లగా మెరిసే కొత్త మోటారు, దాని ట్యాంకు, వాటితో ఒక కుర్రాడు దిగారు. పెద్దాయన బనీను విప్పి మడతపెట్టి కాస్ట్యూమ్ వాళ్లకు ఇచ్చేశాడు. ఆ కుర్రాడు తొడుక్కున్నాడు. మోటారును ట్రాలీ ఆటోలోకి ఎక్కించడానికి నేను కూడా ఒక చెయ్యి వేశాను. పెట్రోలుతో ట్యాంకు ఎక్కించనని డ్రైవరు మొండికేశాడు. సరేనని పెద్దాయన క్యానులోకి ఒంపడానికి మూత తిప్పాడు.

ట్యాంకు సుయ్‌మని గాలి పీల్చుకుంది.

ఆయన విన్నాడు. నేనూ విన్నాను. ఆయన మూతను వెలుగులోకి తిప్పి, మర పక్కన బొటనవేలి గోటితో గీకాడు. నా తుప్పు పెచ్చులా ఊడి వచ్చింది. దాన్ని కాసేపు వేళ్ల మధ్య నలిపాడు.

"పని బాగా చేశారు బాబూ," అన్నాడు. "నేను కూడా నిజం తుప్పే అనుకున్నాను."

ఎత్తిపొడుపో, మెచ్చుకోలో ఈ రోజుకీ నాకు తెలియదు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాణ్ణి, అది నాకు చేతనవును. ఆయన ఆటోలో మోటారు పక్కన కూర్చుని, దాని మీద చెయ్యి వేసుకున్నాడు. ఆటో యూసుఫ్‌గూడ వైపు దిగిపోయింది.

మేనేజరు పది అడుగుల దూరంలో టీ తాగుతున్నాడు. పెద్దాయనను వెనక్కి పిలవమని అనడానికి పది అడుగులు. ఊరందరి మీద లేచే నా నోరు అక్కడ లేవలేదు.

"అన్నా, దీనిక్కూడ ఏజింగ్ కొట్టు, జల్ది," అని ఎవరో కేకేశారు.

బ్రష్ కడుక్కుని కొత్త మోటారు దగ్గర కూర్చున్నాను. దానికి పూశాను, ట్యాంకుకూ పూశాను. ఈసారి మూత మీద బెజ్జం చుట్టూ వేలెడు జాగా వదిలేశాను.