చిట్టెమ్మ పిన్ని చేపల రాయి

మా చిట్టెమ్మ పిన్ని ముప్పయ్యేళ్లుగా నాగాయలంకలో చేపలు తోమి అమ్ముతోంది. ఉప్పూ బూడిదా వేసి రాతి మీద నాలుగు రుద్దులు రుద్దిందంటే కొయ్యంగ చేప తళతళలాడాల్సిందే. ఆ రాయి వాళ్లత్తగారిచ్చింది. దాని మీద ఎవరో ఎప్పుడో చెక్కిన తామరపువ్వుంది. ఆ రేకుల గరుక్కే పొలుసు ఊడొచ్చేది.

గుడివాడ సీతారామయ్యగారి కన్ను దాని మీద పడింది. రొయ్యల చెరువుల్లో గడించి, ఇప్పుడు పాత వస్తువులు పోగేస్తున్న మహానుభావుడు లెండి. పిన్ని వద్దంటున్నా కొత్త గ్రానైట్ పలక దింపించి, రాయెత్తుకుపోయాడు. ఆ నున్నటి పలక మీద చేప జారడమే తప్ప పొలుసు ఊడితే ఒట్టు! బేరాలన్నీ పక్క బుట్టకి మళ్లాయి. పిన్ని గుడివాడ వెళ్లి బతిమాలితే, "అది మా తాతల నాటి శిల్పం, నీకేం తెలుసు!" అని గేటేసేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అంతటితో ఊరుకున్నాడా? మ్యూజియానికి ఫొటోలతో నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. రేకుల మధ్య వెండి పూత ఉందట, ఏ రాజుల నాటి పనితనమో చెప్పాలట. ఆ పూత గీకి, చిటికెడు పొట్లం కట్టి మరీ పంపాడు.

జవాబొచ్చింది. పెద్దమనుషుల్ని పిలిచి, గొంతు సవరించుకుని చదివాడట. ఆయన కారు డ్రైవర్ నాంచారయ్య మాకు చెప్పి ఒకటే నవ్వు.

"అయ్యా, మీరు పంపిన వెండి పూత చేప పొలుసు. ఈ ఏడాదిదే. చెక్కడం మాత్రం చాలా ప్రాచీనం. అది మీ దగ్గరికెలా వచ్చిందో కాగితాలతో సహా తెలపండి. మా అధికారి వస్తున్నారు."

మర్నాడే రాయి పిన్ని గుమ్మంలో దిగింది. దాంతో పాటు, "ఇది చిట్టెమ్మగారిది, నాకేమీ సంబంధం లేదు" అని స్టాంపు కాగితం కూడా. గారట!

పిన్ని రెండ్రోజులు హాయిగా తోముకుంది. మూడో రోజు అధికారి శ్రీదుర్గగారొచ్చారు. "ఇంత పాతది అరిగిపోకూడదమ్మా, మ్యూజియంలో పెడతాం. మీ పేరు రాస్తాం," అన్నారు. పేరనేసరికి పిన్ని మెత్తబడి ఇచ్చేసింది.

నిన్న ఇద్దరం చూడ్డానికెళ్లాం. రాయి అద్దాల పెట్టెలో ఉంది. కింద చీటీ మీద: "దాత: శ్రీ సీతారామయ్య, గుడివాడ." పక్కకెళ్లి అడిగితే, "ఫైల్లో మొదటి ఉత్తరం ఆయనదే కదండీ," అన్నాడు గుమస్తా. భయం తీరాక సీతారామయ్య ఫొటో దిగడానికి కూడా వచ్చాడట, సిగ్గులేని మనిషి!

చదువు రాని పిన్ని అద్దం మీద చెయ్యేసి, "అక్కడున్నది నా పేరేనా?" అంది.

"నీదే పిన్నీ," అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.