ఎర్రగీత బాబాయి అనుమానాలు

ఎర్రగీత బాబాయికి ఈ భూమ్మీద దేనిమీదా, ఎవరిమీదా నమ్మకం లేదు. పొద్దున లేచి అద్దంలో చూసుకుని, "నువ్వెవరు, ఇక్కడ నీకేం పని?" అని అడిగాకే పళ్ళు తోముకుంటాడని చెప్పుకుంటారు. అది అబద్ధం కావచ్చు. ఆ అద్దానికీ గోడకీ కలిపి ఒక ఎర్రగీత ఉన్నమాట మాత్రం నిజం.

ఆ గీత ఆయన వృత్తిలోంచి వచ్చింది. విమానాల మెకానిక్కులు బోల్టు బిగించాక, బోల్టు మీంచి పక్కనున్న రేకు మీదికి సన్నగా ఎర్రరంగు గీస్తారు. బోల్టు వెంట్రుకవాసి తిరిగినా గీత రెండు ముక్కలై గుట్టు బయటపెడుతుంది. బాబాయి నలభై ఏళ్ళు ఆ పని చేసి రిటైరై, ఊరి చివరి షెడ్డులో ఉన్న పాత విమానాల మ్యూజియంలో జీతం లేని మెకానిక్కుగా చేరాడు. వారం తిరక్కుండా గియ్యడానికి విమానాలు మిగల్లేదు. చెయ్యి ఆగలేదు. టీ ఫ్లాస్కు మూతకి గీత. బీరువా తలుపుకి గీత. ట్రస్టు కార్యదర్శి హ్యాండ్‌బ్యాగు జిప్పుకి గీత. పళ్ళ డాక్టరు దగ్గర కుర్చీలో పడుకోమంటే, "ముందు దీని స్క్రూలు చూడనీ" అని జేబులోంచి రంగుసీసా తీశాడట. ఇంట్లో పిన్నీ తక్కువ తినలేదు. ఆయన చెప్పులకీ నేలకీ కలిపి ఒక గీత గీసి, "ఎక్కడికీ వెళ్ళలేదన్నారే, మరి ఇదెలా తెగిందీ?" అని నిలదీసిందట.

కార్యదర్శి రిటైరైన లైబ్రేరియన్. గట్టిగా దగ్గేవాళ్ళంటేనే ఆవిడకి పడదు. అయినా బాబాయి అరుపులకి నవ్వుకుంటూనే నెట్టుకొచ్చింది. ఈ మధ్య ఆ నవ్వు ఇంకిపోయింది. పిల్లలు ఎక్కి కూర్చునే చిన్న శిక్షణ విమానం ఒకటుంది. దాని సీటును కింది నుంచి పట్టి ఉంచే నాలుగు బోల్టులు రోజూ వదులవుతున్నాయి. సోమవారం భద్రతాధికారి తనిఖీకి వస్తున్నాడు. ఆ బోల్టుల్లో ఒక్కటి వదులుగా దొరికినా షెడ్డుకి తాళం పడుతుంది, విమానాలు పాత ఇనుములోకి పోతాయి.

"ఎవర్రా నా బోల్టు తిప్పింది?" అని బాబాయి రోజూ పొద్దున్నే పంచాయితీ పెట్టేవాడు.

"నేను రెక్కలకి గుడ్డ కుట్టుకునేవాణ్ణి బాబాయ్. బోల్టుతో నాకేం పని?" అన్నాడు టైలరు.

"అదే నా అనుమానం. పనిలేనివాడికే కదా తిప్పే తీరిక!"

"నేను నిన్న రానేలేదు మహాప్రభో," అన్నాడు గైడుగా వచ్చే లెక్కల మాస్టారు.

"రాకపోతే దొరకననుకున్నావా?"

ఆఖరికి మ్యూజియం పెట్టిన మనిషిని, ఎనభై ఏళ్ళ కెప్టెన్ గారిని కూడా వదల్లేదు. "మీ చేతులు చూపించండి!" అన్నాడు. కెప్టెన్ బడిపిల్లాడిలా రెండు చేతులూ చాపి, "చూసుకోవోయ్ మేస్త్రీ," అని నవ్వాడు.

శుక్రవారానికి టైలరు సూదీ దారం సర్దేసుకున్నాడు. మాస్టారు ఫోనెత్తడం మానేశాడు. ట్రస్టీలు నలుగురూ కలిసి, బాబాయిని మర్యాదగా ఇంటికి పంపమని ఉత్తరం రాసి కార్యదర్శి చేతిలో పెట్టారు.

ఉత్తరం ఇచ్చేలోపు ఆవిడకీ ఒక అనుమానం పుట్టింది. తిప్పేది బాబాయే అయితే? ఊళ్ళో అనుమానాలకి కరువొచ్చి తనే పండించుకుంటున్నాడేమో!

శనివారం తెల్లవారగానే ఆవిడ పిల్లిలా షెడ్డులోకి వచ్చి, పక్కనున్న సరుకుల విమానం పొట్టలో దూరి, కిటికీ దగ్గర కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చుంది.

ఆరుంబావుకి తలుపు కిర్రుమంది. వచ్చింది కెప్టెన్, చేతిలో పానాతో. కూనిరాగం తీస్తూ వచ్చి శిక్షణ విమానం కింద వెల్లకిలా పడుకున్నాడు. ఆ బోల్టుల తలలు అవతలివైపుకి ఉంటాయి. చెయ్యి చుట్టూ పోనిచ్చి వెనకనుంచి పట్టుకోవాలి. అలా పడితే మనకి కుడి అనిపించేది దానికి ఎడమ, బిగిద్దామని తిప్పితే వదులవుతుంది. మెకానిక్కు చేతికి ఆ సంగతి తెలుసు. కెప్టెన్ జీవితమంతా విమానాలు నడిపాడు గాని ఒక్క బోల్టూ బిగించి ఎరగడు. నాలుగింటినీ ఎంతో ప్రేమగా వదులు చేసి, "ఆఁ, ఇంక పిల్లలకి భయం లేదు," అని లేచి, మోకాళ్ళు దులుపుకుని టీకి వెళ్ళాడు.

ఆయన అటు వెళ్ళగానే నూనె డ్రమ్ము వెనకనుంచి బాబాయి లేచాడు. నాలుగూ బిగించాడు. తెగిన గీతలు తుడిచి కొత్తవి గీశాడు. అప్పుడు గొంతు సవరించుకుని, షెడ్డు రేకులు అదిరేలా, "ఎవర్రా నా బోల్టు తిప్పింది?" అన్నాడు.

"బాబాయ్!" అంటూ దిగింది కార్యదర్శి.

బాబాయి జానెడు ఎగిరిపడ్డాడు. "నువ్వా! నాకు ముందే అనుమానం..."

"ఆపండి. అంతా చూశాను. ఆయనకి ఒక్క మాట చెప్పొచ్చుగా?"

బాబాయి రంగుసీసాకి మూత పెట్టాడు. "ఏమని చెప్పనమ్మా? నేను బిగించాక ప్రతి పైలట్టూ తట్టి, కదిపి, నన్నెగాదిగా చూసి మరీ ఎక్కేవాడు. ఈయనొక్కడే, 'మేస్త్రి చూశాక నేను చూసేదేముంది' అని నవ్వుతూ ఎక్కేవాడు. అలాంటి మనిషికి నీ చెయ్యి పనికిరాదని ఏ నోటితో చెప్పను?"

"అందుకని ఊరందర్నీ దొంగల్ని చేస్తారా?"

"ఒకళ్ళిద్దర్ని అంటే మనసులో పెట్టుకుంటారు. అందర్నీ అంటే, వీడి బుద్ధే ఇంత అని వదిలేస్తారుగా!"

"వదిలేశారు బాబాయ్. మ్యూజియాన్ని."

బాబాయి మొహం వాడిపోయింది. ఆవిడ ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది. ఆ సాయంత్రం బాబాయి టైలరు ఇంటికీ, మాస్టారి ఇంటికీ వెళ్ళి తప్పయిందన్నాడు. అంటూనే టైలరు కుట్టుమిషనుకి గీత గీసి వచ్చాడట. అయినా ఇద్దరూ తిరిగొచ్చారు.

సోమవారం పొద్దున బాబాయి బోల్టులన్నీ సరిచూసుకుని ధీమాగా గేటు దగ్గర నిలబడ్డాడు. అధికారి రాగానే ఆయన గుర్తింపు కార్డు అడిగి, ఎండకి పెట్టి చూసి, ఫొటోలో మీసం ఎందుకుందని ఆరా తీశాడు. ఈ విచారణ సాగిన పావుగంటలో, లోపల కెప్టెన్ ఆఖరిసారిగా ఇంకొక్క చుట్టు బిగిద్దామని విమానం కిందికి దూరాడు.

అధికారి వచ్చి టార్చి వేశాడు. "ఒక గీత తెగింది. బోల్టు వదులుగా ఉంది. ఎవరు తిప్పారు?"

కెప్టెన్ అయోమయంగా, "అబ్బే, ఇందాకే నేను..." అన్నాడు.

"మీ తర్వాత నేను తిప్పానండీ!" అంది కార్యదర్శి. ముప్పై ఏళ్ళు లైబ్రరీలో అణిచిపెట్టిన గొంతంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. "గట్టిగా ఉందో లేదో చూద్దామని."

"అనుకున్నా!" అని బాబాయి విరుచుకుపడ్డాడు. "చేరిన రోజే అనుకున్నా, ఈవిడ చూపే తేడా!" తిడుతూనే కిందికి దూరి బిగించాడు, గీశాడు, పానా అధికారి చేతికిచ్చి లాగి చూసుకోమన్నాడు. బోల్టు ఉలకలేదు.

అధికారి చాలాసేపు రాశాడు. ఎవరు ఏది ముట్టుకున్నా వెంటనే బయటపడే ఏర్పాటు ఇక్కడ ఉంది గనక మ్యూజియం నడుపుకోవచ్చు. షరతు ఒక్కటే. శిక్షణ లేకుండా కార్యదర్శి పానా పట్టరాదు.

కెప్టెన్ ఆవిడ పక్కన చేరి భుజం తట్టాడు. "చిన్నబుచ్చుకోకమ్మా. ఈ విద్య అందరికీ పుట్టుకతో రాదు. రేపట్నుంచి ఆరింటికి రా, నేర్పిస్తాను."

ఇప్పుడు రోజూ పొద్దున్నే విమానం కింద ఇద్దరు వెల్లకిలా పడుకుని ఉంటారు. "ఇలా పట్టుకుని కుడివైపుకి," అంటాడు కెప్టెన్. "అలాగేనండీ," అంటూ ఆవిడ ఎడమవైపుకి తిప్పుతుంది. "చూశావా, ఎంత తేలికో!" అని ఆయన మురిసిపోతాడు.

వాళ్ళు టీకి వెళ్ళగానే బాబాయి కిందికి దూరి నాలుగూ మళ్ళీ చూసుకుంటాడు. శిష్యురాలి మీద ఆయనకి ఇంకా గురి కుదర్లేదు.