ఆటో ఆగి ఉందని చెప్పిన మనిషి

మా ఆడపడుచు పోయింది. మధ్యాహ్నం భోంచేసి, మజ్జిగ గ్లాసు కడిగి బోర్లించి, పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. పటమటలో మా వీధి వీధంతా వచ్చి ఏడ్చింది. ఊపిరి పీల్చుకున్నవాళ్ళు కూడా కొందరు ఉండి ఉంటారు, బీమా కంపెనీల తరఫు ప్లీడర్లు. ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాయమని మావాళ్ళు అడిగారు. కోపం తగ్గాక నిదానంగా రాయమన్నారు. అంతదాకా నేనుండాలిగా.

కంకిపాడు అవతల ఆవిడ తమ్ముడు, అంటే మా మరిది, వ్యవసాయం చేస్తాడు. కోతల రోజుల్లో అక్కడ సగం రోడ్డు కళ్ళమే. వడ్లు ఆరబోసి, వాటి మీదకు బండ్లు ఎక్కకుండా అంచు పొడుగునా రాళ్ళు పేరుస్తారు. అందరూ చేసేదే, ఎవరూ తప్పనుకోరు. ఒక సాయంత్రం తమ్ముణ్ణి చూసి ఆవిడ ఆటోలో తిరిగి వస్తోంది. రాళ్ళ దగ్గరకు వచ్చేసరికి ఎదురుగా లారీ. దానికి దారివ్వడానికి ఆటో అబ్బాయి ఆగాడు. "ఈ ఏడు ఎండ బాగా కాసిందండీ మామ్మగారూ, వడ్లు గలగలలాడుతున్నాయి" అని కూడా అన్నాడట. అంతలో వెనకనుంచి కారు వచ్చి ఆటోను గుద్దింది. ఆ కారును పాలవ్యాను గుద్దింది. ఆటో వెళ్ళి లారీ కింద ఇరుక్కుంది. ఆ అబ్బాయి అక్కడికక్కడే పోయాడు. మా ఆడపడుచు భుజం ఎముక విరిగినా ప్రాణాలతో బయటపడింది.

ఆవిడను బయటికి లాగింది మా మరిదే. వడ్లు తిరగేస్తూ పక్కనే ఉన్నాడు, అంతా కళ్ళారా చూశాడు. అక్కను గట్టు మీద కూర్చోబెట్టాక ఆయన చేసిన పని ఇది: పోలీసులు వచ్చేలోపు రాళ్ళన్నీ కాలువలోకి దొర్లించి, వడ్లు బస్తాలకెత్తేశాడు. ఊళ్ళో దీన్ని ముందుచూపు అన్నారు.

పోలీసులు గీసిన పటంలో రాళ్ళు లేవు. రాళ్ళు లేకపోతే ఆటో ఆగడానికి కారణం లేదు. అంతవరకూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్న మూడు బండ్ల కంపెనీలూ చక్కగా ఒక్క మాట మీదికి వచ్చాయి: ఉత్తి పుణ్యానికి నడిరోడ్డు మీద బ్రేకు వేశాడు గనక తప్పంతా ఆటోవాడిదే. ఇద్దరు ఆడపిల్లలతో మిగిలిన అతని భార్యకు పరిహారం దక్కాలంటే, ఆటో ఎందుకు ఆగిందో చూసినవాళ్ళెవరైనా చెప్పాలి.

"బతికున్నవాళ్ళంతా బుద్ధిమంతులేనట వదినా, పోయినవాడొక్కడే తప్పు చేశాడట" అంది మా ఆడపడుచు. "నేనింకా పోలేదుగా, చెప్తాను."

ఆవిడ ముందు ఏ కబురూ కాస్త పెంచి చెప్పడానికి ఉండేది కాదు. నా పెళ్ళిలో కుండపోత వాన కురిసిందని నేను జీవితమంతా చెప్పుకుంటూ వచ్చాను. "నాలుగు చినుకులు పడ్డాయి వదినా" అని నలుగురిలో సరిదిద్దేది. ఆ అలవాటంటే నాకు ఒళ్ళు మంట. కోర్టులో ఆవిడను చూశాక ఆ మంట చల్లారింది.

వాయిదా రోజున సంచీలో చింతచిగురు, అది దొరకని రోజుల్లో గోంగూర, తెచ్చుకునేది. "ఎటూ వాయిదానే వేస్తారు, కూరైనా బాగవుతుంది" అంటూ కోర్టు మెట్ల మీద కూర్చుని ఈనెలు తీసేది. ఆటో అబ్బాయి భార్య పక్కన చేరి తనూ తీసేది. వాళ్ళిద్దరూ కేసు గురించి మాట్లాడుకోగా నేను వినలేదు. పిల్లల జలుబులూ, బళ్ళో పెట్టే అన్నమూ, ఇవే కబుర్లు.

చివరికి ఒకనాడు బోనెక్కించారు.

"కళ్ళద్దాలు వాడతారాండీ మామ్మగారూ?" అన్నాడు కారు తరఫు ప్లీడరు.

"ముక్కు మీదే ఉన్నాయి బాబూ. మీకు కనపడట్లేదా?"

"మరి పోలీసుల పటంలో లేని రాళ్ళు మీకెలా కనపడ్డాయండీ?"

"వాళ్ళు పటం గీసేటప్పటికి అవి కాలువలో ఉన్నాయండీ. మా తమ్ముడే పడేశాడు."

టైపు కొడుతున్న అమ్మాయి తలెత్తి చూసింది. ప్లీడరుగారు మిగతా ప్రశ్నలు తమ సీనియర్ అడుగుతారని గడువు కోరారు. తరవాతిసారి సీనియర్‌కు జ్వరం. ఆ పై వాయిదాకు కాగితాలు అందలేదు. ఎనభైకి దగ్గరపడ్డ సాక్షి విషయంలో పదేపదే గడువు అడిగేవాళ్ళు దేనికోసం కాచుకుని ఉన్నారో తెలియడానికి నాకు లా పట్టా అక్కర్లేదు.

సొంత తమ్ముణ్ణి కోర్టులో నిలబెట్టిందని మా మరిది మాటలు మానేశాడు. ఆవిడ మాత్రం ఫోను చేస్తూనే ఉండేది. ఆయన ఎత్తేవాడు కాదు. "రింగవుతోంది వదినా, బాగానే ఉండి ఉంటాడు" అని పెట్టేసేది.

ఇప్పుడేమో ఎదురు ప్రశ్నలు పూర్తికాకుండానే సాక్షి పోయింది కాబట్టి ఆ సాక్ష్యం లెక్కలోకి రాదంటున్నారు. పూర్తికానివ్వంది ఎవరయ్యా?

పెద్దకర్మ నాడు మా మరిది వచ్చి, అక్క ఫొటో పట్టుకుని భోరుమన్నాడు. భోజనాల దగ్గర నేనే వడ్డించాను.

"ఏమయ్యా, మీ అక్క మాట సగంలో ఆగిపోయింది. మిగతా సగం నువ్వు చూసిందేగా?"

"ఇప్పుడు రాళ్ళు నావని ఒప్పుకుంటే నా మీదకు వస్తుంది వదినా."

"రానీ. మీ అక్క మీదకు మూడు బండ్లు వచ్చాయి."

పెరుగు వేయించుకోకుండానే లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మొన్నటి వాయిదాకు నేను వెళ్ళాను. ఆటో అబ్బాయి భార్య, నేను వరండాలో బెంచీకి చెరో చివరా కూర్చున్నాం. కాసేపటికి మా మరిది వచ్చాడు. నావైపు చూడకుండా ఆ అమ్మాయి తరఫు ప్లీడరు దగ్గరకు వెళ్ళి, "రాళ్ళు పెట్టింది నేనేనండీ. తీసింది కూడా నేనే. ఆటో ఆగి ఉంది. ఎవరికి చెప్పాలండీ?" అన్నాడు.

నేను కరిగిపోలేదు. ఆ ముక్క అక్క వినేటట్టు చెప్పడానికి ఒక్కసారి ఫోనెత్తితే సరిపోయేది.

ఆయన ఎవరో ఆ అమ్మాయికి తెలుసు. అయినా, "కూర్చోండి బాబాయిగారూ" అంటూ కాస్త ఇటు జరిగింది. ఆయన కూర్చోలేదు. లోపల్నుంచి పిలుపు వచ్చేదాకా గోడ పక్కన తల వంచుకుని నిలబడే ఉన్నాడు. ఆ అమ్మాయి జరిగి ఇచ్చిన చోటు అలాగే ఉండిపోయింది.