పొద్దున పూట మాయమయ్యే మా బావ గుండె

ఇల్లందులో నా కొట్టు పేరు చెబితే ఎవరూ గుర్తుపట్టరు. "ఏడో తరగతి ఫెయిలై ఫోన్లకు వైద్యం చేసేటోడు" అంటే మాత్రం బస్టాండులో ఎవరైనా దారి చూపిస్తారు. అది కూడా అబద్ధమే. నేను ఫెయిల్ కాలేదు, మధ్యలో మానేశాను. ఫెయిల్ కావాలన్నా పరీక్ష రాయాలి కదా! స్క్రీన్ గార్డు అతికించడం, రీచార్జి చేయడం, ఏ రోగానికైనా "ఆఫ్ చేసి ఆన్ చేయండి" అనడం, ఇదీ నా చదువు. పెద్ద దవాఖానాల్లోనూ ఇంతకు మించిన వైద్యం జరగడం నేను చూడలేదు.

మా బావ, అంటే మా అక్క భర్త, బొగ్గు బాయిలో ముప్పై ఏళ్లకు పైగా చేసి రిటైరయ్యాడు. భూమి లోపలికి దిగే గనిని మేం బాయి అంటాం. ఇంటి పట్టున కూర్చున్నాక ఆయన గుండె మొరాయించింది. ఖమ్మంలో స్టెంటు వేసి, రోజూ పొద్దున్నే నడవమన్నారు. బావకు అంతకంటే కావలసిందేముంది! ఆ పూట ఒక్కడే ఇల్లు దాటి పోవడమంటే ఆయనకు ప్రాణం. అక్కకేమో, దారిలో పడిపోతే ఎవరు చూస్తారని బెంగ.

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ చేసే నా మేనకోడలు ఇద్దరికీ రాజీ కుదిర్చి ఒక స్మార్ట్ వాచీ పంపింది. వాచీ బావ చేతికి ఉంటుంది. అది ఆయన జేబులోని ఫోనుకు చెబుతుంది, ఆ ఫోను అక్క ఫోనుకు చేరవేస్తుంది. మొగుడి గుండె ఎలా కొట్టుకుంటోందో అక్క పోపు వేస్తూ చూసుకోవచ్చు.

"ఫోనుల నీ గుండె కనవడ్డన్ని దినాలు ఒక్కనివే పో. కనవడకుంటే నీ ఎంబడి నేనొస్త," అంది అక్క.

బావ ముఖం మాడిపోయింది. అక్కతో నడక అంటే నడక కాదు, ఊరేగింపు. ప్రతి గుమ్మం ముందూ ఆగి, ఆ ఇంట్లో కూరేమిటో తెలుసుకుని గానీ అడుగు ముందుకు పడదు.

వాచీ ఇంట్లో బుద్ధిగానే ఉండేది. బావ బయలుదేరిన కాసేపటికి అక్క ఫోనులో గుండె గల్లంతు. ఆయన తిరుగుముఖం పట్టాక మళ్లీ ప్రత్యక్షం. రోజూ ఇదే తంతు. నేను పళ్లు తోముకుంటుంటే అక్క నుంచి ఫోను.

"ఓరేయ్, మీ బావ గుండె మల్ల పోయిందిరా!"

పక్కింటివాళ్లు ఒకసారి ఏడవడానికి కూడా సిద్ధపడ్డారు.

వైద్యం మొదలుపెట్టాను. బ్లూటూత్ ఆఫ్ చేసి ఆన్ చేశాను. యాప్ తీసేసి మళ్లీ వేశాను. అది ఫొటోలు చూడనిమ్మని, కాంటాక్టులు ఇవ్వమని అడిగింది.

"గుండె సూశేదానికి నా పెండ్లి ఫొటోలెందుకురా?" అన్నాడు బావ.

"పెండ్లైనంకనే గుండె కరాబైందేమోనని అనుమానం బావా."

'ఫర్గెట్ డివైస్' అని నొక్కి, పాత జత మరిచిపోయి కొత్తగా కలుపుకోమన్నాను. బావ నిట్టూర్చాడు. "మీ అక్కను మర్శిపోదామంటే గింత సులువు సెట్టింగు నాకెవ్వడు సూపియ్యలేదు గదరా."

"నన్ను మరిస్తే గోలీలెవడిస్తడు, నీ వాచీనా?" వంటింట్లోంచి గరిటె చప్పుడుతో సహా జవాబు వచ్చింది.

మేనకోడలు వీడియో కాల్‌లో కనిపించి, "రీస్టార్ట్ చేసినవా మామా?" అంది.

"నాలుగేండ్లు ఇంజినీరింగు సదివి నేర్సింది గిదేనా బిడ్డా? నేను బడి మానేసి నేర్సుకున్న."

చివరికి మా ప్రాంతపు మెకానిక్కుల ఆఖరి అస్త్రం తీశాను. నెపం అడవి మీద వేయడం. కరెంటు పోతే అడవి, భద్రాచలం బస్సు లేటైతే అడవి. "ఆ దిక్కు అడవి గదక్కా, సిగ్నల్ అందది," అన్నాను.

"బాయి గేటుకాడ చాయి కొట్టామె పొద్దంత ఫోనుల సినిమాలు సూస్తది. ఆమెకేమన్న అడవి మాఫీ చేసిందా?"

మర్నాటి కోసం అక్క చెప్పులు గుమ్మం దగ్గరికి చేరాయి. బావ నా కొట్టుకు పరిగెత్తుకొచ్చాడు.

"నిజం చెప్పు బావా, ఫోను ఇంట్ల ఇడ్శిపోతున్నవా?"

"లేదురా, జేబులేసుకునే ఎల్తున్న. ఒట్టు."

ఒక్క పూట గడువు ఇవ్వమని అక్కను బతిమాలి, తెల్లారి ఆయన వెనకాలే నడిచాను. ఆయన కాళ్లు నేరుగా తాను పనిచేసిన బాయి దారి పట్టాయి. గేటుకు ముందు చాయి కొట్టు ఉంది, దాని బల్ల మీద ఒక రేకు డబ్బా ఉంది. బావ ఆగలేదు, అటు చూడను కూడా లేదు. చెయ్యి జేబులోకి వెళ్లింది, ఫోను డబ్బాలో పడింది. మనిషి చేతి వాచీతో సహా, ఫోనుకు అందనంత దూరం కంచె వెంట సాగిపోయాడు.

బాయిలో గ్యాసు ఉంటుంది. నిప్పురవ్వ పుడితే ప్రాణాలు పోతాయి. అందుకని బీడీ, అగ్గిపెట్టె, ఫోను ఏదీ లోపలికి పోనివ్వరు, జేబులు తడిమి మరీ పంపుతారు. షిఫ్టుకు పోయేవాళ్లంతా ఫోన్లు ఆ డబ్బాలోనే వేస్తారు. మా బావ షిఫ్టు ఏనాడో ముగిసిపోయింది.

"బావా, లోపలికి పోతున్నవా?"

"నన్నెవడు పోనిస్తడురా?"

"మరి ఫోను డబ్బాల ఎందుకేసినవ్?"

ఆయన జేబు తడుముకుని, తన చేతిని తానే వింతగా చూసుకున్నాడు. "ఏసిన్నా? ఏమోరా, గీడ ఫోను జేబుల ఉంటే కాలు ముందర పడది."

"మరి చేతికి వాచీ ఉంది గదా, దానికీ బ్యాటరీ ఉంటది."

"గడియారానికి ఏందిరా? తాళం తిప్పే గడియారం పెట్టుకొని ఎన్నిసార్లు దిగలే!"

రిటైరైన రోజు ఆయనకు శాలువా కప్పారు, దండ వేశారు, గొప్పగా మాట్లాడి సాగనంపారు. జేబు ఖాళీ చేసే చేతిని మాత్రం ఆయన ఒంట్లోంచి తీయడం మరిచిపోయారు. దానికి ఏ యాప్‌లోనూ సెట్టింగు లేదు.

సంగతి విన్న అక్క పడీపడీ నవ్వింది. మర్నాడు తెరమీద గుండె మాయం కాగానే చెప్పులు తొడగలేదు. బావ నంబరుకే ఫోను కొట్టింది. డబ్బా మోగింది. చాయి కొట్టామె ఎత్తింది.

"అవ్ అక్కా, ఇప్పుడే ఏసిండు. కంచె పొంటి పోతుండు, మంచిగనే ఉన్నడు."

ఆ రోజు నుంచి అక్క ఇంట్లో కనెక్షన్ తెగిందంటే మనిషి క్షేమంగా గేటు చేరాడని అర్థం. వాచీ తయారు చేసినవాళ్లకు ఈ సంగతి తెలిస్తే సిగ్గుపడతారు. అక్క చెప్పులు మళ్లీ మూలకు చేరాయి. బావ ఒంటరి నడక ఆయనకు దక్కింది.

కాకపోతే చాయి కొట్టామె వాచీ అంత మితభాషి కాదు. "రెండు మిర్చి బజ్జీలు తిన్నడక్కా, చాయిల చక్కెర గూడ ఎక్కువ ఏయించుకున్నడు," అని మూడో రోజే కబురు పంపింది. అప్పటి నుంచి అక్క హుకుం మీద ఆ కొట్టులో బావకు చక్కెర లేని చాయి తప్ప ఏమీ పుట్టలేదు.

ఆయన నా కొట్టుకొచ్చి మణికట్టు ముందుకు చాపాడు. "బామ్మర్దీ, దీన్ని ఆఫ్ చేస్తే ఆగుతది. ఆ చాయి కొట్టామెనెట్ల ఆఫ్ చేస్తవ్ రా?"

"కోరినట్టు ఒక్కనివే నడుస్తున్నవ్ గదా బావా, ఇంకేం గావాలె?"

"నడుస్తున్నరా," అన్నాడు బావ. "ఆకలితోని నడుస్తున్న."