ఒక్క పిల్ల ఒకవైపు, దేశమంతా ఒకవైపు: లండన్ నుంచి టొరంటో కోర్టుకు

నేను చదివింది ఐదో తరగతి. భీమవరంలో ఆసుపత్రి ఆయాగా పాతికేళ్ళు పనిచేశాను గానీ కోర్టు గడప ఎన్నడూ తొక్కలేదు. తొక్కే రోజు రాకూడదనే ప్రార్థన చేసుకునేదాన్ని. అలాంటిదాన్ని ఒంటారియోలోని ఈ లండన్ నుంచి టొరంటోకు కోర్టు కోసమే వెళ్ళానంటే కారణం శ్రావణి. కెనడాకు విద్యార్థులు విమానాల నిండా దిగిన రోజుల్లో నల్గొండ నుంచి వచ్చి, మా అమ్మాయి ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకు చేరింది. కన్సల్టెన్సీ ఏజెంటు ఇచ్చిన కాలేజీ సీటు లెటరు పట్టుకుని దిగితే, ఆ కాలేజీలో సీట్లు నిండిపోయాయని ఫోనులో చెప్పి ఇంకో కాలేజీలో చేరమన్నాడు. చేరింది, రెండేళ్ళు చదివి పాసైంది. వర్క్ పర్మిట్‌కు అప్లై చేశాక ఆ మొదటి లెటరు దొంగదని తేలింది. శుక్రవారం విమానం ఎక్కి వెళ్ళిపోవాలని ఆర్డరు వచ్చింది. అసలు కేసు కోర్టు వినాలంటే నెలలు పడుతుంది. అప్పటిదాకా ఇక్కడ ఉండనిస్తారా లేదా అన్నది మంగళవారం తేలాలి.

"అమ్మా, కోర్టుకు నువ్వెందుకు? బీపీ పెంచుకోడానికా?" అంది మా అమ్మాయి. ఇంట్లో కూర్చుంటే ఇంకా పెరుగుతుందన్నాను. భయంతో పాటు నన్నొక సందేహం కూడా పట్టుకుంది. ఒకవైపు ఒక్క పిల్ల, ఇంకోవైపు దేశమంతా. అలాంటి తూకం ఏ జడ్జి మటుకు ఎలా తూస్తారు?

విచారణ పదిన్నరకు. ఏడు గంటల బస్సు చాలని శ్రావణి అన్నా వినలేదు, మంచు పడితేనో, టైరు పోతేనో అని ఐదూ ముప్పావు బస్సు ఎక్కించాను. టికెట్టు ఒక్కొక్కరికి ముప్పై చిల్లర డాలర్లు, ప్రయాణం రెండున్నర గంటలు. టైరూ పోలేదు, మంచూ పడలేదు. దారిలో అడిగాను: "లెటరు దొంగదని ఆ కాలేజీ నీకు ముందే రాయలేదా?"

"రాసిన్రంట అమ్మమ్మా, మెయిల్‌కి. ఆ మెయిల్ నేనెప్పుడు ఓపెన్ చేసిన? కన్సల్టెన్సీ అన్ననే ఐడీ క్రియేట్ చేసిండు. పాస్‌వర్డ్ ఆయన దగ్గరే."

"నీ పేరున వచ్చిన ఉత్తరం వాడు చదువుకోడమేంటే?"

"మా బ్యాచ్ అందరిదీ అంతే. అప్లికేషన్ మీద సైన్ కూడా చదవకుండనే పెట్టిన. అన్నా అని పిలిచి, మళ్ళీ చూపియ్యమని అడిగితే ఏమనుకుంటడో అని."

నేనూ చదవకుండా వేలిముద్రలూ సంతకాలూ పెట్టినదాన్నే.

యూనియన్ స్టేషన్‌లో దిగి, సబ్‌వేలో రెండో స్టాపు ఆస్గుడ్‌లో దిగితే కోర్టు నడిచేంత దూరమే. తలుపు దగ్గర సంచి యంత్రంలో పెట్టించారు, పెరుగన్నం డబ్బా కూడా చూశారు. ఎవరి తాలూకని అడుగుతారని జవాబు నేర్చుకుని వెళ్ళాను. "ఎవరైనా కూర్చోవచ్చు మామ్," అన్నాడు అక్కడి సెక్యూరిటీ ఆయన. టికెట్టు లేదు, సిఫారసు లేదు. నాకది వింతగా తోచింది.

పైన వరండాలో మా లాయరు మేఘన, ప్రభుత్వం తరఫు లాయరుతో కాఫీ తాగుతూ నవ్వుతోంది. "అయిపోయిందే పిల్లా, ఇద్దరూ ఒకటైపోయారు," అన్నాను శ్రావణితో. మేఘన ఇక్కడే పుట్టిన తెలుగుపిల్ల, నా మాట ఆమె చెవిన పడనే పడింది.

"ఆంటీ! లోపల ఫైట్ చేస్తాం, బయట కాఫీ తాగుతాం. అంతే."

ఎలాగూ దొరికింది కదా అని నా సందేహం అడిగాను. వేళ్ళు మడుస్తూ చెప్పింది. "త్రీ క్వశ్చన్స్ ఆంటీ. కేసులో నిజంగా వినాల్సిన విషయం ఉందా? ఇప్పుడే పంపిస్తే, తర్వాత ఫిక్స్ చేయలేని నష్టం అవుతుందా? లాస్ట్‌లో, ఉంచితే పబ్లిక్‌కి ఎంత నష్టం, పంపితే శ్రావణికి ఎంత. ఈ మెథడ్ ఇంగ్లండ్‌లో సీనియర్ జడ్జెస్‌ది. ఇక్కడి జడ్జెస్ తీసుకుని, పబ్లిక్ ఇంట్రెస్ట్‌కి ఇంకొంచెం వెయిట్ ఇచ్చారు."

"దేశాలేలిన వాళ్ళ జడ్జీలు ఒక్క మనిషి మొహం చూస్తారా అమ్మా?"

"కొన్ని కేసుల్లో చూశారు, కొన్నిటిలో చూడలేదు. కానీ ఎందుకో రాయాలి ఆంటీ. 'పబ్లిక్ కోసం' అని ఊరికే అంటే సరిపోదు."

జడ్జి తెల్లజుట్టు ఆవిడ, గొంతు మెత్తన. శ్రావణి నా చెవిలో తెలుగు చేస్తూ వచ్చింది. ప్రభుత్వ లాయరు లేచి, లెటర్ల మీద నమ్మకం పోతే నిజాయితీగా వచ్చే పిల్లలకే నష్టమన్నాడు, చట్టం త్వరగా పంపమంటోందన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకది న్యాయంగానే వినిపించింది. అసలు లెటరుతో వరసలో నిలబడ్డ పిల్లలకూ తల్లులుంటారు కదా. అంతలోనే, ఆ మాటలు కూడా నా చెవిలో చెప్తున్నది శ్రావణేనని గుర్తొచ్చి, అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను.

మేఘన మెయిల్ సంగతి చెప్పింది. జడ్జి ఏదో అడిగారు. శ్రావణి తెలుగు చేయడం ఆపేసింది.

"ఏమన్నారే?"

"రెండేండ్లు నీ పాస్‌వర్డ్ నువ్వెందుకు అడగలేదని. కరెక్టే కదా అమ్మమ్మా."

అది శ్రావణి తప్పేనని మేఘన ఒప్పుకుంది, అప్లికేషన్ చదవకుండా సంతకం పెట్టిందనీ చెప్పింది. అప్పుడు జడ్జి ప్రభుత్వ లాయరు వైపు తిరిగి, కాలేజీ రాసిన ఆ మెయిల్ ఈమె చూసిందనడానికి మీ దగ్గరేముందని అడిగారు. ఆయన కాగితాలు తిరగేసి, మళ్ళీ తిరగేసి, ఏమీ లేదన్నాడు. దాచలేదు, సాగదీయలేదు. కాఫీ తాగినంత మాత్రాన చెడ్డవాడనుకున్నానే అనిపించింది. ఆర్డరు సాయంత్రంలోగా మెయిల్‌లో పంపుతామన్నారు.

పక్క వీధిలో సూపు, రొట్టె పద్నాలుగు డాలర్లు. శ్రావణి ముట్టలేదు, పెరుగన్నం నాలుగు ముద్దలు నేనే కలిపి పెట్టాను. మూడు గంటల బస్సెక్కాం. దారిలో మిల్టన్ అనే ఊరు దాటాక దాని ఫోను మోగింది.

"నువ్వు తెరువు అమ్మమ్మా."

"నాకు ఇంగ్లీషెక్కడ వచ్చే?"

"నొక్కుడు నువ్వు నొక్కు, చదువుడు నేను చదువుత."

చివరికి అదే తెరిచింది. పెదాలు కదుపుతూ తనలో తనే చదువుకుంటోంది. "చెప్పవే, నా ప్రాణం పోయేలా ఉంది!" అని గట్టిగా అన్నాను, ముందు సీటాయన వెనక్కి తిరిగాడు.

"శుక్రవారం లేదు అమ్మమ్మా," అంది. "కేసు వినేదాంక ఉండొచ్చు."

తర్వాత ఒక్కో వాక్యం తెలుగు చేసి చెప్పింది. త్వరగా పంపడం ప్రజలకు మేలేనట. ఒక మనిషిని పంపే ముందు ఆమె చేసిందేమిటో సరిగ్గా తెలుసుకోవడం కూడా ప్రజలకు మేలేనట. కొన్ని నెలలు ఆగితే దేశానికి పెద్ద నష్టం లేదు, ఈ పిల్లకు మాత్రం ఇప్పుడే పంపేస్తే పోయేది మళ్ళీ రాదు. చదవకుండా సంతకం పెట్టిన సంగతి అసలు కేసులో తేలుతుంది. అంటే గెలవలేదు, భయం తీరలేదు. నేను ఇప్పటికీ రోజూ దాని గురించే ప్రార్థిస్తున్నాను.

తూకంలో రెండోవైపు ఉన్న ఆ 'ప్రజలు' ఎవరా అని ఇంటికొచ్చాక చాలాసేపు ఆలోచించాను. ఎక్కడో ఉండే పెద్దవాళ్ళనుకున్నాను. లెక్కచూస్తే ఆ రోజు కోర్టులో లాయర్లు, సిబ్బంది, శ్రావణి పోగా ప్రజల బెంచీ మీద ఉన్నది నేనొక్కదాన్నే. నన్నడిగి ఉంటే, ఉంచమనే చెప్పేదాన్ని.

మీకు తెలిసిన పిల్లలకు ఇలాంటి విచారణ ఉంటే తోడు వెళ్ళండి. అరగంట ముందు చేరి, ఫోను ఆపి, వెనక బెంచీలో కూర్చోండి. మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు.