మనవరాలి దగ్గు, నేను తాగిన గాడిద పాలు

మా మనవరాలి కోరింత దగ్గు గాడిద పాలతోనే తగ్గిందని ఎల్లారెడ్డిలో మా వాడకట్టంతా నమ్ముతోంది. రేపు ఆ పిల్లకు మాటలొచ్చాక కూడా ఇదే చెబుతారు. పాలు తాగింది ఆమె కాదు, నేను. అందుకే ఇది రాసి పెట్టక తప్పడం లేదు.

టీకా వయసు రాకముందే పిల్లకు ఆ దగ్గు పట్టుకుంది. దగ్గు తెర వచ్చిందంటే ఊపిరి అందక మొహం నీలమయ్యేది. కామారెడ్డి దవాఖానలో కొన్నాళ్లు ఉంచుకున్నారు. మందుకు లొంగని రకం క్రిములు కూడా కొన్ని చోట్ల కనబడుతున్నాయని, ఇది ఏ రకమో తేల్చడానికి ముక్కులోంచి నమూనా తీసి హైదరాబాదుకు పంపారు. ఈలోగా సిరప్ మాత్రం ఆపొద్దని చెప్పి ఇంటికి పంపారు.

డాక్టరమ్మ అంతటితో ఊరుకుంది. నేను ఊరుకోలేదు. గ్రంథాలయంలో దూరి, క్రిముల మీద దొరికిందల్లా చదివాను. ఇంటికి రాగానే అందరినీ కూర్చోబెట్టాను. క్రిమి బతుకంతా దానిలోనే అక్షరాల్లాగా రాసి ఉంటుందని, ఒకటి రెండయ్యేటప్పుడు ఆ రాతకు నకలు తీసుకుంటుందని, నకల్లో ఒక్క అక్షరం మారినా మందుకు పట్టు దొరక్కపోవచ్చని వివరించాను. మా అమ్మాయి పిల్లను ఒళ్లో వేసుకొని కునుకు తీసింది. మా అమ్మను మేమంతా అవ్వ అంటాం, ఆమె మాత్రం వక్క నములుతూ కదలకుండా విన్నది. నాకు ముచ్చటేసింది.

తెల్లారేసరికి గూట్లో సిరప్ సీసా లేదు. నాగిరెడ్డిపేట దిక్కు నుంచి గాడిదను తోలుకొచ్చినాయన దగ్గర పాలు పిండించి, అవ్వ గిన్నె పట్టుకొని కూర్చుంది. ఏందవ్వా ఇది అన్నాను.

"లొంగదు లొంగదని నిన్న నువ్వే చెప్తివి గదరా. లొంగనిదానికి మందు పోసుడెందుకు?"

నా చదువు నా మీదికే తిరిగింది. అన్నీ లొంగనివి కావని, మందు ఆపితే పిల్లకే ముప్పని, పచ్చిపాలు పసి కడుపుకు పడవని చెబుతుండగానే తెర వచ్చింది. అమ్మాయి పిల్లను ఎత్తుకుంది. ఆ ఊపిరి తిరిగొచ్చేదాకా వీపు నిమురుతూనే ఉంది. అవ్వ గిన్నె కింద పెట్టింది.

"సీసా ఇస్త," అంది చివరికి. "మరి గీ పాలు పారబోయాల్నా? నువ్వు తాగు."

తాగాను. పలుచగా, కొంచెం తియ్యగా ఉన్నాయి.

సిరప్ చెప్పినన్ని రోజులూ పోశాం. మా క్రిమి పాత రాతదేనని, మందుకు లొంగేదేనని హైదరాబాదు నుంచి కబురొచ్చింది. దగ్గు మాత్రం వారాలు పట్టి, మెల్లగా సన్నగిల్లింది.

"తాత తాగితేనే గింత పని చేసినయి," అని అవ్వ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

పేర్లు రాయొద్దని ఆమె ఆన. కాబట్టి డాక్టరమ్మకు, నమూనా తీసిన నర్సమ్మకు, మూసే వేళైనా నన్ను లేపని గ్రంథాలయం పెద్దమనిషికి, సీసా తిరిగిచ్చిన అవ్వకు దండాలు. ఆ గాడిదకు కూడా. దాని పిల్ల వంతు నేను తాగేశాను.